తొమ్మిదో గూడు

బొంబాయి,
12-2-1984

నారాయణ బావకు,

నర్సింహులు నమస్కారాలు. అక్కకు జ్వరం తగ్గిందని రాజమల్లు చెప్పాడు. ఈ ఉత్తరం బావగా కన్నా ఊరి పోస్టుమాస్టరుగా మీకు రాస్తున్నది. మన ఊరి వాళ్ల కార్డుల మీద ఇంగ్లీషులో అడ్రసు రాసిచ్చేది మీరే కాబట్టి ఇక్కడ చేసిన ఒక ఏర్పాటు మీకు తెలియాలి.

మన వైపు నుంచి వచ్చిన కూలీలు నలభై ముగ్గురికి ఇక్కడ బాలనర్సయ్య కాక గదే అడ్రసు. వాళ్లలో ఆ గదిలో పడుకునేవాడు ఒక్కడూ లేడు. కొందరు ఇక్కడ చాల్ అనే ఆ గదుల మేడ మెట్ల మీద, కొందరు గల్లీలో తోపుడు బండ్ల మీద, మిగతావాళ్లు కడుతున్న బిల్డింగుల్లోనే పడుకుంటారు. ఉత్తరాలు మాత్రం కాక గడప మీద పడతాయి. కాక భార్య లక్ష్మవ్వ చిన్నమ్మ వాటిని తీసి బియ్యం డబ్బా మీద పెడుతుంది. ఎవరికి ఎప్పుడు గుర్తొస్తే అప్పుడు వచ్చి వెతుక్కుంటారు. పోయిన నెల కిష్టయ్య తమ్ముడు చనిపోయిన కార్డు పదహారో రోజున ఆ డబ్బా వెనక దొరికింది. కిష్టయ్య గుండు చేయించుకొని మరుసటి రోజు పనికి పోయాడు.

నేను పనిచేసే నాగ్‌పాడా వడ్రంగి కార్ఖానాలో పారేసే చెక్కలతో ఒక గూళ్ల పెట్టె చేశాను. నలభై మూడు గూళ్లు. మనిషికొక గూడు, గూటికొక నెంబరు. చదువు రానివాళ్లు కూడా తమ నెంబరు గుర్తుపడతారు. కాకను అడిగి ఆయన గదిలో నీళ్ల డ్రమ్ము పైన గోడకు బిగించాను.

“గోడ ఇస్త. కని ప్రతి కార్డు మీద కేరాఫ్ బాలనర్సయ్య అని ఉండాలె,” అన్నాడు కాక.

“గూడు నెంబరు ఉంటె చాలు గద కాకా?”

“నాలుగో నెంబరు గది ఆయన బామ్మర్ది పేరు మీద కార్డులు రానిచ్చిండు. మూడేండ్లకు ఆ కార్డులే చేతిల వట్టుకొని సగం ఖోలీ నాదన్నడు బామ్మర్ది. ఇప్పుడు ఖోలీ నడుమ చీర అడ్డం కట్టుకొని బతుకుతున్నరు. నువ్వు నాకు బామ్మర్దివి గూడ కావు.”

కాబట్టి ఇక మీదట అడ్రసు ఇలా ఉండాలి. రాజమల్లుది రాస్తున్నాను, మిగతావాళ్ల నెంబర్ల జాబితా వెనక ఉంది.

రాజమల్లు, గూడు నెంబరు 14,
కేరాఫ్ బాలనర్సయ్య,
గది నెంబరు 9, రెండో అంతస్తు,
గంగాబాయి చాల్, పన్నెండో గల్లీ,
కామాఠిపుర, బొంబాయి 8.

అక్కకు నమస్కారాలు.
నర్సింహులు


ఎర్రగుంటపల్లి,
4-3-1984

నర్సింహులుకు,

అడ్రసు అందింది. ఉత్తరంలో సగం అడ్రసే అయింది.

కార్డు మీద అడ్రసు రాసే చోటు ఎంతో నీకు తెలుసు. ఐదు వరుసలు రాస్తే పిన్‌కోడు గడుల మీదికి పోతున్నది. నిన్న పెంటమ్మ తన కొడుకు రాజమల్లుకు కార్డు రాయించడానికి వచ్చింది. నేను అడ్రసు మూడో వరుసలో ఉండగా పక్కకు వచ్చి కూర్చున్నది.

“సంగతి కన్న అడ్రసే పొడుగున్నదేంది సారూ. ఏం రాస్తున్నవు గంతగనం?”

చెప్పాను.

“నడుమ బాలనర్సయ్య ఎందుకు? నేను రాపిచ్చేది నా కొడుక్కు.”

“ఆయన ఇంటికే పోతది అవ్వా.”

“పోయెటప్పుడు మస్తు ఇండ్ల ముందలికెల్లి పోతది. అందరి పేర్లు రాస్తవా?”

 కార్డు ముగించి ఇచ్చాను. ఈ పొడుగు వల్ల తొందరలో రెండు కార్డుల మీద గూడు నెంబరు వేయడం నేనే మరిచాను. ఎవరివో కూడా గుర్తులేదు.

పేరు, గూడు నెంబరు, చాల్, గల్లీ ఇవి ఉంటే చాలదా? పోస్ట్‌మన్‌తో మాట్లాడి చూడు. బాలనర్సయ్య ఒప్పుకున్నాడో లేదో కూడా రాయి. ఒప్పుకుంటేనే మారుస్తాను.

మీ అక్క నీకు జొన్న అటుకులు పంపుతానంటున్నది. వచ్చేవాళ్లు ఉంటే తెలియజేయి.

నారాయణ


బొంబాయి,
28-3-1984

బావకు నమస్కారాలు.

మీరు చెప్పినట్టే పోస్ట్‌మన్‌తో మాట్లాడాను. గంగాబాయి చాల్‌కు వచ్చిన ఉత్తరం మీద ‘గది’ అని రాయకుండా ఉత్త అంకె ఉంటే దాన్ని ఆ అంకె ఉన్న గూట్లో వేస్తాడు. పేరు చదవనక్కర లేదు. ఆయనకు కూడా ఇదే సుఖం. మన పేర్లు పలకలేక మెట్ల మీద నిలబడి కేకలు వేసి మిగిలినవి గడప మీద పడేసేవాడు, యాదయ్య పేరు పిలిస్తే ముగ్గురు లేచి వచ్చేవారు.

ఇప్పుడు అడ్రసు ఇంతే.

రాజమల్లు, 14,
గంగాబాయి చాల్, పన్నెండో గల్లీ,
బొంబాయి 8.

మీరు అలాగే రాయండి. ఇక్కడి నుంచి వెళ్లే ఉత్తరాల మీద కూడా ఇదే రాస్తున్నాం. ఈ నెలలో ఒక్కటి కూడా తప్పిపోలేదు. పొద్దున వేసిన కార్డు సాయంత్రం మనిషి చేతికి పోతోంది.

కిష్టయ్యది తొమ్మిదో గూడు. మొన్న చెల్లెలి ఊరి నుంచి పొట్టి అడ్రసుతో వచ్చిన కార్డులో సంగతి నేను చదివి వినిపించాక అడ్రసు కూడా చదవమన్నాడు. చదివాను. “నా పేరు కింద ఎవ్వరి పేరు లేదా?” అన్నాడు. లేదన్నాను. మళ్లీ ఒకసారి చదవమన్నాడు.

బాలనర్సయ్య కాకకు దాదర్‌లో పని దొరికింది. చీకటితో పోయి దీపాలు పెట్టాక వస్తున్నాడు. ఆరోగ్యంగా ఉన్నాడు.

అటుకులు రాజమల్లుతో పంపండి, వచ్చే నెల పెండ్లికి ఊరికి వస్తున్నాడు.

నర్సింహులు


ఎర్రగుంటపల్లి,
22-4-1984

నర్సింహులుకు,

పొట్టి అడ్రసు బాగున్నది. నాకు పని సగం తగ్గింది. కానీ నేను అడిగినది ఒకటి, నువ్వు జవాబు రాసినది ఒకటి. బాలనర్సయ్య ఆరోగ్యం గురించి నేను అడగలేదు.

రాజమల్లు వచ్చాడు. అతన్ని అడిగాను.

“కాకకు ఇంగిలీషు రాదు, గూట్లె ఏమొస్తున్నదో ఆయనకు ఎరుక లేదు,” అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. ఆయన ఒప్పుకున్నాడనే అనుకొని ఆ అడ్రసుతో ఇప్పటికి నూటికి పైగా కార్డులు నా చేత్తో రాశాను. ఆయన గోడకు పెట్టె బిగించి, ఆయన పెట్టిన ఒక్క షరతు తీసేశావు. ఆయనకు నువ్వే చెప్పాలి. ఉత్తరంలో రాయడం నాకు నిమిషం పని. ఆయన దాన్ని నీ చేతే చదివించుకుంటాడు కాబట్టి రాయడం లేదు.

మీ అక్క కూడా ఇదే మాట అంటున్నది.

నారాయణ


బొంబాయి,
20-5-1984

బావకు,

చెప్పాలనే ఉన్నది. రెండుసార్లు మొదలుపెట్టాను. చెబితే కేరాఫ్ మళ్లీ పెట్టమంటాడు. నలభై మూడు ఇండ్లకు మళ్లీ తెలియజేయాలి, సగం మంది కొత్తగా, సగం మంది పాతగా రాస్తారు. అప్పుడు పోస్ట్‌మన్ మళ్లీ గడప మీద పడేస్తాడు. ఇప్పుడు కార్డులు అందుతున్నాయి. దాని వల్ల ఆయనకు పోయింది ఏమీ లేదు. ఆయన గది ఆయనకే ఉన్నది. దసరా లోపల చెబుతాను.

కిష్టయ్య వానాకాలం పనులకు జూన్ మొదట్లో ఊరికి వస్తున్నాడు. తొమ్మిదో గూట్లో పడినవన్నీ ఒక కవర్లో వేసి మీ పోస్టాఫీసుకు పంపుతాను. ఊరికి పోయినవాళ్లందరికీ ఇలాగే చేస్తున్నాను.

అటుకులు అందాయి. చిన్నమ్మకు కూడా సగం ఇచ్చాను.

నర్సింహులు


ఎర్రగుంటపల్లి,
12-7-1984

నర్సింహులుకు,

కిష్టయ్య పేరున నీ కవరు జూన్ 24న అందింది. అతను అప్పుడు ఊళ్లో లేడు, చెల్లెలి ఊళ్లో నాట్లకు పోయాడు. కవరు నా దగ్గరే ఉన్నది. నిన్నగాక మొన్న వచ్చి తీసుకొని ఇక్కడే విప్పాడు.

మూడు కార్డులు. రెండు అతనివే. మూడోది అచ్చు వేసిన కార్డు, మరాఠీలో ఉన్నది, గుండ్రటి ముద్ర ఉన్నది. పేరు లేదు. 9, గంగాబాయి చాల్ అని మాత్రం చేతితో ఇంగ్లీషులో రాశారు.

“ఇది నాది కాదు సారూ. మరాఠీల నాకు చిట్టి రాసెటోళ్లెవరు?” అన్నాడు కిష్టయ్య.

“నీ గూట్లో పడ్డది.”

“గూట్లె వడంగనే నాదైతదా?”

నాకు మరాఠీ రాదు. అంకెలు మాత్రం తెలుస్తున్నాయి. 28-6-84 అని ఉన్నది. ఆ రోజు దాటి రెండు వారాలైంది. కార్డు ఇందులో పెట్టి పంపుతున్నాను. ఏమిటో చూడు.

నారాయణ


బొంబాయి,
25-7-1984

బావకు,

ఆ కార్డు బాలనర్సయ్య కాకది. తొమ్మిదో గదికి వచ్చింది.

ఈ చాల్‌ను పడగొట్టి కొత్తది కడతారట. ఏ గదిలో ఎవరు ఉంటున్నారో ఆఫీసు వాళ్లు వచ్చి రాసుకుంటున్నారు. ఆ జాబితాలో పేరున్న వాళ్లకే కొత్త బిల్డింగులో గది. గదికొక తేదీ వేసి కార్డులు పంపారు. తొమ్మిదో గదికి జూన్ 28. భాడా పావతులతో, అంటే అద్దె రసీదులతో, గది మనిషి ఇంట్లో ఉండాలి. మిగతా గదుల కార్డుల మీద ‘గది’ అని రాసినవాళ్లు దీని మీద ఆ మాట మరిచారు. పోస్ట్‌మన్ నేను చెప్పినట్టే తొమ్మిదో గూట్లో వేశాడు. నేను కవరు కట్టేటప్పుడు కార్డు తిప్పి చూడలేదు. తొమ్మిదో గూట్లో ఉన్నది కిష్టయ్యదే అనుకున్నాను. గూళ్లకు ఒకటి నుంచి నెంబర్లు వేసిన రోజున, చాల్‌లో గదులకు కూడా ఒకటి నుంచే నెంబర్లు ఉన్నాయని నాకు తోచలేదు.

పక్క గదులకు కార్డులు వచ్చాయని చిన్నమ్మ చెప్పిందట. “మనది రానీ, అప్పుడు పని బందు వెడత,” అని కాక దాదర్ పోయాడు.

28న ఇద్దరు వచ్చారు. చిన్నమ్మ ఒక్కతే ఉన్నది. ఎవరుంటారని అడిగారు. నేను, మా ఆయన అన్నది. పావతులు అడిగారు. పావతులు ట్రంకు పెట్టెలో ఉన్నాయి, తాళంచెవి కాక మొలతాడుకు ఉన్నది. ఆయన పేరున్న కాగితం ఏదైనా చూపమన్నారు. నాలుగు నెలల కింద అయితే ఆ గదిలో ప్రతి కార్డు మీద ఆయన పేరు ఉండేది. ఇప్పుడు ఒక్కదాని మీదా లేదు. వాళ్లు గూళ్లలోంచి కార్డులు తీసి చూశారు. కేరాఫ్ లేదు కాబట్టి వీళ్లందరూ ఇక్కడ ఉండేవాళ్లే అన్నారు. ఈ గల్లీలో ముప్పై, నలభై మంది వంతులు వేసుకొని పడుకునే గదులు ఉన్నాయి, వాళ్లకు అది కొత్త కాదు. ఖాళీ గూళ్ల మీద నేను అంటించిన పేర్ల చీటీలు ఉన్నాయి, ఆ పేర్లు కూడా రాసుకున్నారు.

16న జాబితా కింద నీళ్ల కుండి పక్క గోడకు అంటించారు. కాక నన్ను పిలిచాడు.

“నా పేరు సదువు,” అన్నాడు.

నలభై మూడు పేర్లు చదివాను.

“మల్ల సదువు.”

“లేదు కాకా.”

అప్పుడు కేరాఫ్ సంగతి చెప్పాను. ఆయన మెట్ల మీద కూర్చున్నాడు.

“ముప్పై ఏండ్ల సంది భాడా కడుతున్న. పెట్టె కొట్టుకుంటనంటె గోడ ఇస్తిని. నా ఇంట్లకెల్లి నన్నే తీసేస్తివి గదరా.”

“నీ పేరు పోయిందని ఏడుస్తున్నవు. నా పేరు ఎన్నడున్నది?” అని పైనుంచి చిన్నమ్మ అన్నది. ఎవరూ నవ్వలేదు.

సెప్టెంబరు 20న విచారణ. పావతులు చూపాలి. దానితోపాటు నలభై ముగ్గురూ ఒక్కొక్కరు విడిగా కాగితం ఇవ్వాలి. ‘ఉత్తరాల కోసం మాత్రమే ఈ గది అడ్రసు వాడుకున్నాను, ఇందులో నాకు హక్కు లేదు’ అని వేలిముద్ర వేయాలి. అలా చేస్తేనే పేర్లు కొట్టేసి కాక పేరు ఎక్కిస్తారు. లేకపోతే చాల్ పడగొట్టిన రోజు ఆయన, చిన్నమ్మ సామానుతో రోడ్డు మీద ఉంటారు.

ఇక్కడ ఉన్నవాళ్ల దగ్గర నేను తీసుకుంటున్నాను. ఊళ్లో ఉన్నది కిష్టయ్య ఒక్కడే. అతనిది మీరు తీసుకొని రిజిస్టరులో పంపండి.

నర్సింహులు


ఎర్రగుంటపల్లి,
26-8-1984

నర్సింహులుకు,

కిష్టయ్యను పిలిపించి నీ ఉత్తరమూ, ముద్ర వేయాల్సిన కాగితమూ చదివి వినిపించాను. 

“అంటె ఇప్పుడు నా పేరు బొంబాయిల గోడ మీద ఉన్నదా?”

“ఉన్నది.”

“ఎన్నోది?”

“తొమ్మిదోది అయి ఉంటది.”

“ఇరవై రెండేండ్లు అయింది సారూ నేను పోయి. ఎన్ని గోడలు లేపిననో లెక్క లేదు. ఒక్కదాని మీద పేరు వడ్డది, అది గూడ నీళ్ల కుండి పక్క గోడ. దాన్ని కొట్టేయాల్నా?”

“అది బాలనర్సయ్య గది కిష్టయ్యా.”

“నేను కాదన్ననా? ఆయనది ఆయనకే. నేను అడిగితినా రాయమని?”

లేచి పోయాడు. నేను మళ్లీ పిలవలేదు. ఇటువంటి వాటికి పిలిస్తే బలవంతం అవుతుంది. నాలుగు రోజుల తర్వాత, నేను తపాలా సంచీ కట్టే వేళకు తనే వచ్చి బొటనవేలు చాచాడు. ముద్ర వేశాక వేలికి అంటిన సిరాను పోస్టాఫీసు స్తంభానికి పూసి ఇట్లా అడిగాడు.

“నర్సింహులును ఒక్కటి అడుగు. కొట్టేసుడంటె గీత గీస్తరా, కాయితమే చింపేస్తరా?”

“ఎందుకు?”

“గీత గీస్తె కింద పేరు కనవడతది గద.”

నాకు తెలియదని చెప్పాను. నువ్వు తెలుసుకొని రాయి. కాగితం ఈ రోజే రిజిస్టరు చేసి పంపుతున్నాను. అందినట్టు కార్డు వేయి. బాలనర్సయ్యకు విడిగా ఒక ఉత్తరం రాయాలని కూర్చున్నాను గానీ, అడ్రసు రాసే దగ్గర ఆగిపోయాను. విచారణ అయ్యాక రాస్తాను.

నారాయణ


బొంబాయి,
23-9-1984

బావకు,

కార్డు వేయనందుకు ఏమీ అనుకోవద్దు. కారణం కింద ఉన్నది.

కిష్టయ్య అడిగిన దానికి జవాబు. ఎర్ర సిరాతో గీత గీస్తారు. కింద పేరు కనిపిస్తుంది.

20న కాక, నేను ఆఫీసుకు పోయాం. కాక ఉతికిన ధోతి కట్టుకొని, పావతుల కట్టను రుమాలులో మూటగట్టి తెచ్చాడు. క్లర్కు పావతులన్నీ చూశాడు, బాగున్నాయన్నాడు. తర్వాత కాగితాలు ఒక్కొక్కటి చూసి ఒక్కొక్క పేరు మీద గీత గీశాడు. గంట పట్టింది. నలభై రెండు అయ్యాయి. తొమ్మిదో పేరు మిగిలింది.

మీరు పంపిన కవరు ఈ నెల 3న అందింది. 20న నా చొక్కా జేబులో ఉన్నది. ఆ పేరు మీద గీత గీయించబుద్ధి కాలేదు, నేను తీయలేదు.

ఈ మనిషి కాగితం ఏదని క్లర్కు అడిగాడు. అతను ఊళ్లో ఉన్నాడని చెప్పాను. అది అబద్ధం కాదు. అది వచ్చేదాకా ఫైలు పక్కన పెడతానన్నాడు. మళ్లీ తేదీ ఎప్పుడని కాక అడిగితే, చెప్పలేను, పండుగలు ఉన్నాయి, కొత్త సంవత్సరం కావచ్చునన్నాడు. లేదా అభ్యంతరం లేకపోతే ఆ ఒక్క పేరు అలాగే ఉంచి, కాక పేరు పైన ఇవాళే రాస్తానన్నాడు. అప్పుడు గది ఇద్దరి పేరున ఉంటుంది.

కాక నా వైపు తిరిగాడు. ఆయన మొహం చూశాక నా చెయ్యి జేబు దాకా పోయింది.

“ఎవరిది మిగిలింది?” అని అడిగాడు.

“కిష్టయ్యది.”

“మెట్ల మీద పండె కిష్టయ్యదా?”

“ఆ.”

పావతుల కట్టను మళ్లీ రుమాలులో కట్టుకున్నాడు. “ఖోలీల పండుమన్నా పండడు వాడు, ఉక్క వోస్తదంటడు,” అన్నాడు. తర్వాత క్లర్కుకు హిందీలో, ఉండనివ్వండి, రాయండి అని చెప్పాడు. వరుస ఏమవుతాడని క్లర్కు అడిగాడు. కాక నన్ను అడిగాడు, వాడు నాకు ఏమైతడురా అని. నాకు తెలియదన్నాను. తమ్ముడని రాయించాడు. దిద్దిన జాబితా మళ్లీ ఆ గోడకే అంటిస్తారట.

బయటికి వచ్చాక గ్రాంట్ రోడ్ దాకా నడిచాం. దారిలో, “వాని కాయితం నిజంగ రాలేదా?” అని అడిగాడు. రాలేదన్నాను.  టీ తాగుదామంటే వద్దని ముందు నడిచాడు.

పెట్టె తీసేయమనలేదు. గూళ్లకు ఇప్పుడు నూటొకటి నుంచి నెంబర్లు వేశాను. కేరాఫ్ బాలనర్సయ్య అని మళ్లీ అందరికీ రాయాలి, మీకు కష్టమే. ఆయన నాతో మునుపటిలా మాట్లాడడం లేదు, అవసరం ఉన్న మాట మాట్లాడుతున్నాడు.

కాగితం నా దగ్గరే ఉన్నది, చింపలేదు. మీ దగ్గర రిజిస్టరు రసీదు ఉంటుంది. కాక సంక్రాంతికి ముందు ఆ వైపు రావచ్చు. ఆయన అడిగితే మీరు ఏం చెబుతారో నేను చెప్పలేను.

నర్సింహులు


ఎర్రగుంటపల్లి,
5-10-1984

నర్సింహులుకు,

ఉత్తరం అందింది. రసీదు పొయ్యిలో వేశాను. పోస్టాఫీసు పుస్తకంలో పద్దు ఉన్నది, దాన్ని నేను చెరపను. బాలనర్సయ్య అడిగితే పంపానని చెబుతాను. అడగకపోతే చెప్పను. నువ్వే ముందు చెప్పుకుంటే నాకు ఆ పని తప్పుతుంది.

కిష్టయ్యకు గీత సంగతి చెప్పాను. మిగతాది చెప్పలేదు. చెబితే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. దీపావళి అయ్యాక బయలుదేరుతున్నాడు. వచ్చాక గోడ దగ్గరికి తీసుకుపోయి చూపించు, ఎన్నో పేరో అడుగుతాడు.

అతనికి ఇక్కడి నుంచి ఉత్తరాలు రాయాలి. మిగతావాళ్లకు కేరాఫ్ పెడుతున్నాను. అతనికి పెట్టాలో వద్దో బాలనర్సయ్యను అడిగి రాయి.

నారాయణ